గ్రిజ్లీ ఎలుగుబంటి డెన్ ఏ కొండవాలులో ఉంటుందో ఎలా పసిగట్టాలి

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్‌కి నవంబర్‌లోనో ఏప్రిల్‌లోనో ట్రెక్కింగ్‌కి వెళ్తున్నారా, అయితే ఇది తప్పకుండా చదవండి. రాతి గుహలకి దూరంగా ఉంటే చాలు అనుకుంటారు చాలామంది, కానీ అక్కడ గ్రిజ్లీ ఎక్కువగా తన డెన్, అంటే చలికాలమంతా పడుకునే బొరియ, తనే తవ్వుకుంటుంది.

ముందు ఆ వాలు ఎటు తిరిగి ఉందో చూడండి. ఉత్తరం వైపు వాలైతే జాగ్రత్త, ఎందుకంటే అక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, అది మోసుకొచ్చిన మంచంతా శిఖరం దాటి అవతలి పక్క పడుతుంది, ఎండ కూడా సరిగ్గా తగలదు కాబట్టి మధ్యలో కరగదు, ఆ మందపాటి మంచే ఎలుగుకి దుప్పటి. ఎత్తు సుమారు 6,500 నుంచి 10,000 అడుగులు. వాలు 30 నుంచి 60 డిగ్రీలు, అంటే మన మేడమెట్లంత నిటారు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

తర్వాత పెద్ద చెట్ల మొదళ్లు చూడండి. వేర్లు పైకప్పు మట్టిని పట్టి ఉంచుతాయి కదా, అందుకే వాటి కిందే తవ్వుతుంది. మూడు రోజుల నుంచి వారం పడుతుంది, దాదాపు టన్ను మట్టి బయటకి తోస్తుంది. తను దూరేంత ఇరుకు ద్వారం, పైన వేలాడే వేర్లు, లోపల ఫర్ చెట్టు కొమ్మల పరుపు, ద్వారం కింద వాలు పొడుగునా జారిన మట్టికుప్ప. తెల్లటి మంచు మీద తాజా మట్టి కనిపిస్తే అదే పెద్ద గుర్తు.

అడుగుజాడల మీద మాత్రం ఆధారపడొద్దు. 1959లో అక్కడ స్టడీ మొదలుపెట్టిన ఫ్రాంక్, జాన్ క్రెయిగ్‌హెడ్ అన్నదమ్ములు ఎలుగుల మెడకి రేడియో కాలర్లు (సిగ్నల్ ఇచ్చే పట్టీలు) కట్టి వెంట తిరిగి చూస్తే, చాలా ఎలుగులు మంచు తుఫాను పడుతున్నప్పుడే డెన్‌లోకి వెళ్లాయి, జాడలన్నీ కప్పబడిపోయాయి.

కడుపుతో ఉన్న ఆడవి అందరికంటే ముందు వెళ్తాయి. మగవి మార్చిలోనే బయటకొస్తాయి, పిల్లతల్లులు ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారాల దాకా లోపలే. పిల్లలు పుట్టినప్పుడు అరకిలో ఉంటాయంతే, తల్లిది మొద్దునిద్ర కూడా కాదు, అలికిడికి లేస్తుంది, బెదిరి డెన్ వదిలేస్తే ఆ పసికూనలు చలికి బతకవు. అందుకే ఫోటో కోసం ఒక్క అడుగు కూడా ముందుకి వేయకండి ప్లీజ్. బేర్ స్ప్రే (ఎలుగుని ఆపే కారపు స్ప్రే) చేతిలో పట్టుకుని, పరుగెత్తకుండా వచ్చిన దారినే వెనక్కి రండి, ఎలుగుకి కనీసం 100 గజాల దూరం ఉండాలన్నది పార్క్ రూల్, డెన్ దగ్గర ఇంకా ఎక్కువే ఉంచండి, కిందకి రాగానే రేంజర్‌కి ఆ చోటు చెప్పండి.