అచ్చయిపోయిన లెక్క మార్చాలంటే ముందే రూలు రాసి పెట్టుకోండి

జిల్లాలో పంట దిగుబడులు, ధరలు, జిల్లా ఉత్పత్తి లెక్కలు చూసే సీట్లోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తన్నాను. మొదటి అంకె ఇచ్చేటప్పటికి చేతిలో సగం సమాచారమే ఉంటాది కాబట్టి అది తర్వాత మారాల్సిందే, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. కానీ ఎప్పుడు మారుస్తాం, ఎందుకు మారుస్తాం, సంతకం ఎవరిది అన్నది అంకె బయటకెళ్లకముందే కాయితం మీద ఉండాలి. చెప్పాపెట్టకుండా మార్చేస్తే ఆ తర్వాత ఎంత నిజం చెప్పినా జనం నమ్మరు.

మొదట తేదీలు తేల్చుకోండి. దేశ జీడీపీకి ఎలా చేస్తన్నారో చూడండి, ఆర్థిక సంవత్సరం ఇంకా అవ్వకుండానే జనవరి మొదట్లో మొదటి ముందస్తు అంచనా, ఫిబ్రవరి ఆఖర్లో రెండోది, మే ఆఖరుకి తాత్కాలిక అంచనా, ఆ తర్వాత ఏళ్లలో సవరించినవి. తేదీ ముందే తెలుసు కాబట్టి అంకె మారిందని ఎవరూ ఉలిక్కిపడరు. మీ పట్టికకీ అలాటి క్యాలెండర్ రాయండి, ఎన్నేళ్ల వెనక్కి వెళ్లి మారుస్తారో, ఏ తేదీ తర్వాత ఇక ముట్టుకోరో కూడా అందులోనే రాసేయండి.

ఎన్నేళ్లు అన్నది పంటని బట్టి ఉంటాది, ఇక్కడే చాలామంది అన్నింటికీ ఒకటే రూలు పెట్టేస్తారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటింది. సెప్టెంబర్లో వేసిన ఖరీఫ్ అంచనాలో ఆ తుఫాను ఎక్కడుంటాది? వరికైతే పర్లేదు, కోతలప్పుడు చేలో అయిదు మీటర్ల చదరం కొలిచి, ఆ ముక్క కోసి, నూర్చి, తూకమేసి, తేమ పోయాక మళ్లీ తూచి లెక్క కడితే ఆ సీజన్ అంకె అక్కడితో సరిపోద్ది. ఉద్దానం కొబ్బరి, జీడి అలా కాదు. చెట్టే కూలిపోయింది, కొత్త మొక్క కాపుకొచ్చేవరకు ఏళ్ల తరబడి పాత చెట్ల సంఖ్యతో దిగుబడి గుణిస్తే ప్రతి ఏడూ తప్పే వస్తాది. అందుకే తోటలకి వేరే గడువు, ఎక్కువ గడువు రాయండి, పెద్ద తుఫాను తర్వాత చెట్ల లెక్క మళ్లీ తీసేవరకు ఆ అంకె తాత్కాలికం అని పట్టికలోనే గుర్తు పెట్టండి.

తప్పు దిద్దడం వేరే సంగతి, దానికి క్యాలెండర్ కోసం ఆగకూడదు. 2012 జనవరి పారిశ్రామికోత్పత్తి పెరుగుదల 6.8 శాతమని ముందు చెప్పి తర్వాత 1.1 శాతానికి దించేరు, కారణమేటంటే చక్కెర ఉత్పత్తి 58.09 లక్షల టన్నులు ఉండాల్సిన చోట 134.08 లక్షల టన్నులని తప్పుగా ఎక్కిపోయింది. దేశం మొత్తమ్మీద ఏడాదికి 260 లక్షల టన్నుల పైచిలుకు తయారయ్యే రోజులవి, ఒక్క నెలలోనే సగం తయారైపోద్దా? ఇలాటిది కనబడిన రోజే దిద్ది, ఏ అంకె తప్పు, ఎంత తేడా, ఎలా దొర్లింది అని మూడు లైన్లు రాసి విడుదల చేయాలి. చిన్న తేడా అయితే తర్వాతి విడుదలలో కలపొచ్చు, కానీ చిన్నదంటే ఎంత అన్నది ముందే అంకెల్లో రాసుకోండి, లేకపోతే మనకి ఇబ్బందైన ప్రతి తప్పూ చిన్నదే అనిపిస్తాది.

ఇంక హద్దులు గానీ, బేస్ ఇయర్, అంటే పోలికకి ఆధారంగా పెట్టుకునే ఏడాది గానీ మారితే ఏం చేయాలో చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చీసింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి పోయింది. పాత విజయనగరం అంకె పక్కన కొత్త విజయనగరం అంకె పెట్టి పెరిగింది తగ్గింది అంటే అర్థం లేదు. మండలాల వారీ పాత అంకెలు తీసి కొత్త హద్దుల ప్రకారం వెనక ఏళ్లు కూడా కూడి, రెండూ ఒకే రోజు ఇవ్వండి. దేశ జీడీపీకి 2015 జనవరిలో కొత్త బేస్ వచ్చింది, 2013-14 పెరుగుదల 4.7 నుంచి 6.9 శాతమైంది, ఆ కొత్త బేస్ ప్రకారం అంతకు ముందు పాత ఏళ్ల లెక్క మాత్రం 2018 నవంబర్‌కి గానీ రాలేదు. అన్నాళ్లు ఖాళీ వదిలితే ఎవరికి నచ్చిన అంకె వాళ్లు పట్టుకుంటారు, పట్టుకున్నారు కూడా.

సంతకం గణాంకాల అధికారిదే ఉండాలి, పైవాళ్లకి విడుదల టైముకే తెలియాలి. 2025 ఆగస్టు 1న అమెరికాలో మే, జూన్ ఉద్యోగాల లెక్క కలిపి 2 లక్షల 58 వేలు తగ్గించి చెప్పేరు, అదే రోజు ఆ గణాంక సంస్థ కమిషనర్‌ని అధ్యక్షుడు తీసేసేరు. అక్కడే అలాగుంటే ఇక్కడ రాతలో లేని రూలు ఎవర్ని కాపాడుద్ది?

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది, పాత ఎక్సెల్ ఫైలు మీద కొత్త అంకె కొట్టొద్దు. ప్రతి విడుదలకి తేదీ పేరుతో వేరే ఫైలు ఉంచండి, అందులోంచి మొదటి అంచనా, రెండోది, చివరిది, తేడా అని నాలుగు గడుల పట్టిక చేసి జనానికి కూడా ఇవ్వండి. కొన్నేళ్ల తేడాలు ప్లస్సూ మైనస్సూ కలిపి సగటు తీస్తే సున్నా దగ్గర ఉండాలి. ఎప్పుడూ ఒకే వైపుకి పోతంటే మీ మొదటి అంచనా పద్ధతిలోనే వంకర ఉన్నట్టు, ఏ మండలం రిపోర్టులు ఆలస్యంగా వస్తన్నాయో అక్కడ్నుంచి వెతకండి.