తామర తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోందా? ముందు ట్యూబు వెనక చదవండి

సమస్య: గజ్జల్లోనో నడుము చుట్టూనో దురద. క్రీం రాస్తే రెండు మూడు రోజుల్లో హాయిగా ఉంటుంది. మానేస్తే వారం తిరక్కుండా మళ్లీ ఎరుపు, మంట, ఈసారి ఇంకాస్త వెడల్పుగా. హైదరాబాద్‌లో వానలు మొదలయ్యాక నా దగ్గరికొచ్చే చాలామంది చెప్పేది ఇదే. సబ్బు మార్చి ఉంటారు, వంకాయ మానేసి ఉంటారు, ట్యూబు మీద ఏం రాసుందో మాత్రం చూసి ఉండరు.

తామర ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి, పోల్చుకోవడం కష్టం కాదు. గుండ్రటి మచ్చ, కాస్త ఉబ్బి పొట్టు రాలే అంచు, మధ్యలో దాదాపు మామూలు చర్మం. ఆ అంచు చెదిరిపోయి మచ్చ ఎటుపడితే అటు పాకినట్టుంటే ముందు అనుమానించాల్సింది క్రీంలోని స్టెరాయిడ్‌నే, అంటే ఎరుపును, దురదను అణిచే మందునే.

అసలు కారణం

మెడికల్ షాపులో "అన్నా, దురదకు మంచి క్రీం ఏదన్న ఇయ్యి" అంటే తరచుగా చేతికొచ్చేది మూడు మందులు కలిపిన ట్యూబు: ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్, ఒక స్టెరాయిడ్. చర్మానికి రాసే స్టెరాయిడ్లను 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటర్ దగ్గర ఆ రూలు ఏపాటి నడుస్తుందో మీకూ తెలుసు.

ఎరుపు, దురద అంటే ఫంగస్‌తో మన ఒళ్లు చేస్తున్న పోరాటం. స్టెరాయిడ్ అణిచేది ఆ పోరాటాన్నే. కాపలా కుక్కకు మత్తుమందు పెట్టి, అరుపు ఆగింది కాబట్టి దొంగ పోయాడనుకోవడం లాంటిది ఇది. లోపల ఫంగస్ తీరిగ్గా పెరుగుతుంది.

క్రీం ఆపగానే రెండు జరుగుతాయి. అణిగి ఉన్న దురద ఒక్కసారిగా పైకొస్తుంది. పైగా నెలల తరబడి స్టెరాయిడ్‌కు అలవాటుపడ్డ చర్మం అది లేక ఎర్రబడి మండుతుంది. ముఖం మీదైతే మరీ ఘోరం: చిన్న చిన్న చీము పొక్కులు, ఎండలోకి వెళితే భగ్గుమనడం. తెల్లబడతామని ఇలాంటి క్రీములు రాసుకునేవాళ్లలో ఇది బాగా చూస్తాం. దాంతో "ఈ క్రీం ఒక్కటే నాకు పడుతుంది" అని మళ్లీ అదే కొంటారు. పడటం కాదు, అలవాటు. స్టెరాయిడ్ వల్ల తొడ మూలల్లో పడే చారలైతే తర్వాత పూర్తిగా పోవు కూడా.

ట్యూబు వెనక చూడండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్: వీటిలో ఏదున్నా అది స్టెరాయిడే. క్లోట్రిమజోల్, లులికొనజోల్ లాంటివి ఫంగస్ మందులు. క్లోబెటసాల్‌ను క్లోట్రిమజోల్ అనుకుని తెచ్చుకునేవాళ్లు చాలామంది, అక్షరం అక్షరం చదవండి.

పరిష్కారం

తామర మీద స్టెరాయిడ్ ఆపాల్సిందే. కానీ ముఖానికి నెలల తరబడి రాసి ఉంటే సొంతంగా ఆపకండి, డాక్టరు మోతాదు మెల్లగా తగ్గించి మాన్పిస్తారు. ఒళ్లంతా ఘాటు స్టెరాయిడ్ చాన్నాళ్లు రాసి ఆపాక నీరసం, కళ్లు తిరగడం, వాంతులు ఉంటే నేరుగా ఆసుపత్రికే వెళ్లండి. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ పడిపోయి ఉండొచ్చు. స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు కూడా అందుకే ఉన్నపళంగా మానకూడదు.

ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ విభాగాలున్నాయి. మచ్చ అంచు నుంచి పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఫంగస్ దారాలు కనిపిస్తాయి. ఒట్టి ఫంగస్ క్రీం అంచు దాటి ఇంకో అంగుళం దాకా రాయాలి, మచ్చ పోయాక కూడా కనీసం రెండు వారాలు. టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకు లొంగని రకం ఫంగస్ మన దేశంలో బాగా వ్యాపించింది, కాబట్టి మాత్రలు డాక్టరే తేల్చాలి. అమీర్‌పేట హాస్టళ్లలో ఒకే టవల్ ఇద్దరు తుడుచుకుంటే, తడి ఆరని జీన్స్ మళ్లీ తొడుక్కుంటే ఏ మందూ పనిచేయదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకూ ఒకేసారి వైద్యం జరగాలి.

తామర కాకపోతే

రాత్రిళ్లు దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో పొక్కులుండి, ఇంటిల్లిపాదీ గోక్కుంటుంటే గజ్జి. దానికి పెర్మెత్రిన్ అనే క్రీం మెడ నుంచి పాదాల దాకా, అందరూ ఒకే రాత్రి, వారం తర్వాత మరోసారి. పిల్లల మూతి చుట్టూ తేనె రంగు పక్కులు కడితే అది బ్యాక్టీరియా పని. సెగ్గడ్డలు పదే పదే లేస్తుంటే షుగర్ చూపించుకోండి, గడ్డను పిండకండి. కాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం కూడా ఉంటే ఆ రోజే ఆసుపత్రి.

స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ అరుదు. కుష్ఠు కావచ్చు, మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. సోరియాసిస్ లాంటివి పొట్టు పరీక్షలో ఏమీ కనిపించనప్పుడు డాక్టరు చూసుకుంటారు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ, అయిపోయినవైనా సరే, కవర్లో వేసుకుని తీసుకెళ్లండి.