బెంగళూరులో క్యాన్సర్ రోగుల బసకు సొంత ఇల్లు: విరాళాలు పోగుచేసే పద్ధతి

1973లో మొదలైన బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి అనంతపురం, సత్యసాయి, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చే రోగులు ఎందరో. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ అంటే వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు పడుతుంది. రొమ్ము క్యాన్సర్‌లో చాలామందికి ఇప్పుడు మూడు వారాల్లో 15 సిట్టింగులతో సరిపోతోంది. సిట్టింగు కొన్ని నిమిషాల పనే, ఆసుపత్రిలో పడుకోబెట్టరు. మిగతా రోజంతా, రాత్రంతా రోగీ తోడు వచ్చినవాళ్ళూ ఎక్కడ ఉండాలి? ఈ పనిని అద్దె ఇంట్లో నడుపుతున్న సేవాసంస్థలు సొంత ఇల్లు కట్టాలనుకున్నప్పుడు ముందుగా చందా పుస్తకం అచ్చు వేయిస్తాయి. అది చివర్లో చేయాల్సిన పని. మొదట తేలాల్సింది, కట్టాక ఆ ఇంటిని ఎవరి డబ్బుతో నడుపుతారన్నది. గోడకు ఇచ్చే దాత దొరుకుతాడు, కరెంటు బిల్లుకు ఇచ్చే దాత దొరకడు. అందుకే రెండూ కలిపి ఒకే మొత్తంగా అడగాలి.

లెక్క ఎలా వేయాలి

సైటు చేతిలో ఉందనుకుందాం. 40-60 అడుగుల సైటులో మొత్తం 4,200 చదరపు అడుగుల కట్టడం, 12 గదులు. అడుగుకు 2,600 రూపాయలు అనుకుంటే 1 కోటి 9 లక్షలు. దాని మీద కాంట్రాక్టరు బిల్లుకు 18 శాతం జీఎస్టీ దాదాపు 20 లక్షలు. సేవాసంస్థకు ఇది తిరిగి రాదు. ఎస్టిమేటులో ఎక్కువగా మర్చిపోయేది ఈ అంకెనే. లిఫ్టు, జనరేటరు, సోలార్ వేడినీళ్ళు, బోరు, వాననీటి సంపు కలిపి 25 లక్షలు. ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు ఫీజు ఆరున్నర లక్షలు. మంచాలు, వంటిల్లు, బీరువాలు 20 లక్షలు. వీటన్నిటి మీద పది శాతం చేతిలో ఉంచుకోవాలి. మొత్తం దాదాపు రెండు కోట్లు. ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలు. మీ ఇంజనీరు ఇచ్చే రేట్లతో మళ్ళీ వేసుకోండి.

ఇక నడిపే ఖర్చు. మేనేజరు, శుభ్రం చేసేవాళ్ళు ఇద్దరు, కరెంటు, ట్యాంకరు నీళ్ళు, గ్యాస్, చిన్నాచితకా రిపేర్లు కలిపి నెలకు రెండు లక్షలైతే రెండేళ్ళకు 48 లక్షలు. అంటే అడగాల్సింది రెండు కోట్లు కాదు, రెండున్నర కోట్లు. దాన్ని 12 గదులకు పంచితే గదికి 21 లక్షలు. దాత పేరు పెట్టే గదికి ఇంతకంటే తక్కువ ధర చెప్పకండి. గది గోడల ఖర్చు మాత్రమే అడిగితే లిఫ్టుకూ మెట్లకూ దాత ఉండడు.

ప్లానులో రోగి అవసరాలు కనబడాలి, ఎందుకంటే ప్లాను చూసే దాత డబ్బిస్తాడు. ప్రతి గదికీ సొంత బాత్రూమ్, వెస్టర్న్ కమోడ్, పట్టుకోవడానికి గోడకు రాడ్. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయిన మనిషి పదిమందితో బాత్రూమ్ పంచుకుంటే ఇన్ఫెక్షన్ భయం. స్ట్రెచరు పట్టే లిఫ్టు, వీల్‌చైరు తిరిగే తలుపు, అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ర్యాంప్. వంటిల్లు మాత్రం ఉమ్మడిగానే పెద్దది పెట్టండి. నోరు పుండ్లు పడినవాళ్ళకు మెత్తగా రుబ్బి పెట్టాలి, ముక్కులో గొట్టం ఉన్నవాళ్ళకు వడగట్టి పోయాలి, సీమవాళ్ళకు రాగి సంగటి కావాలి. ఇవన్నీ ఇంటివాళ్ళు సొంతంగా చేసుకోవడానికి నాలుగు పొయ్యిలు, రెండు మిక్సీలు ఉంటే చాలు.

అడగకముందే సర్దుకోవాల్సిన కాగితాలు

సైటుకు ఈ-ఖాతా (నగరపాలిక ఆస్తి రికార్డు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), టైటిల్ మీద లాయరు రాసిచ్చిన అభిప్రాయం. ప్లాను మంజూరు కాకుండా శంకుస్థాపన చేయకండి. ఇల్లు పూర్తయ్యాక ఓసీ (ప్లాను ప్రకారం కట్టారు, ఇక ఉండొచ్చు అని ఇచ్చే పత్రం) రాకపోతే కరెంటు, నీటి కనెక్షన్ల దగ్గర పని ఆగిపోతుంది. ప్లానుకు మించి ఒక అంతస్తు కలిపితే ఓసీ రాదు. "తర్వాత రెగ్యులరైజ్ చేయిద్దాం" అనే సలహా ఎవరిచ్చినా వినకండి.

సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏబీ రిజిస్ట్రేషన్, దాతకు మినహాయింపునిచ్చే 80జీ అనుమతి గడువులోపు ఉన్నాయో లేదో చూసుకోవాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. జనం నోట ఇంకా 80జీయే. రసీదు మీద ఏం అచ్చు వేయాలో ఆడిటరుతో ఖరారు చేసుకోండి. సీఎస్ఆర్ (కంపెనీలు చట్టప్రకారం సమాజసేవకు ఖర్చు చేసే సొమ్ము) కోసం వెళ్ళాలంటే, అందుకు నమోదైన సంస్థలకిచ్చే సీఎస్ఆర్-1 నంబరు కూడా కావాలి.

పన్ను మినహాయింపును మీ మొదటి మాటగా వాడకండి. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి ఆ మినహాయింపే లేదు. వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీల్లో జీతగాళ్ళు చాలామంది ఇప్పుడు ఆ విధానంలోనే ఉన్నారు. "సగం పన్ను తిరిగొస్తుంది" అని చెబితే అది రెండు విధాలా తప్పు. పాత విధానంలోనైనా తగ్గేది విరాళంలో సగం మేరకు పన్ను లెక్కకొచ్చే ఆదాయం, పన్ను కాదు. అది కూడా ఆదాయంలో పది శాతం పరిమితికి లోబడి.

ఎవరిని, ఏ వరసలో అడగాలి

రెండున్నర కోట్లకు మెట్లు ఇలా కట్టుకోవచ్చు: 50 లక్షలు ఇచ్చేవారు ఒకరు, 25 లక్షలకు ఇద్దరు, 10 లక్షలకు అయిదుగురు, 5 లక్షలకు పదిమంది. ఈ పద్దెనిమిది మందితోనే రెండు కోట్లు అయిపోయాయి. తర్వాత లక్ష చొప్పున 20 మంది, పాతికవేల చొప్పున 50 మంది, అయిదువేల చొప్పున 350 మంది. ఈ పై నాలుగు మెట్లలో ఒక్కో విరాళానికి మూడు నాలుగు పేర్లు రాసుకోవాలి, అంటే అరవై డెబ్బై మంది. ఆ జాబితా నిండకపోతే లక్ష్యం తగ్గించుకోండి, లేదా రెండు దశల్లో కట్టండి. అయిదువేల చందాలతోనే రెండున్నర కోట్లు చేయాలంటే అయిదువేల మంది కావాలి. ఏ కమిటీ అంతమంది వెంట తిరగలేదు.

మొదట ట్రస్టీలు తమ చేతి నుంచి ఇవ్వాలి. "మీరెంత ఇచ్చారు?" అని పెద్ద దాత తప్పకుండా అడుగుతాడు. తర్వాత పెద్ద విరాళాలు, చడీచప్పుడు లేకుండా. సగం మొత్తం పోగయ్యాకే పత్రికకూ, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులకూ వెళ్ళాలి. సగం నిండిన పాత్రలో పోయడానికి జనం ముందుకొస్తారు.

అడిగేటప్పుడు ఇద్దరు వెళ్ళండి. దాతకు తెలిసినవారు ఒకరు, లెక్క తెలిసినవారు ఒకరు. అంకె చెప్పి అడగాలి. "మీకు తోచినంత" అంటే తోచినంతే వస్తుంది. "సార్, ఒక గది కట్టి రెండేళ్ళు నడపడానికి 21 లక్షలవుతుంది. పునాదికి, స్లాబుకు, ఫినిషింగుకు మూడు విడతలుగా ఇవ్వొచ్చు. ఒక గది మీరు తీసుకోగలరా?" అని అడిగి ఆగండి. ఆయన నోరు తెరవకముందే మీరే తగ్గించేయకండి. బదులు ఆలోచించి చెబుతానంటే, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో తేదీ అడిగి తీసుకుని రండి.

కార్తీక మాసం దానానికి మంచి కాలమని మనవాళ్ళ నమ్మకం, వనభోజనాలకు తెలుగు సంఘాలన్నీ ఒకచోట చేరతాయి. ఉగాది ఆర్థిక సంవత్సరం చివరికి అటూ ఇటూగా పడుతుంది. చిన్న చందాలకు ఈ రెండూ సరిపోతాయి. సంగీత విభావరి, గాలా డిన్నరు లాంటివి హాలు ఖర్చుకే సగం తింటాయి. వాటి మీద ఆశ పెట్టుకోకండి.

కంపెనీల సీఎస్ఆర్ సొమ్ము మూడేళ్ళ సగటు నికర లాభంలో రెండు శాతం. సంస్థకు మూడేళ్ళ పని అనుభవం చూపించాలి. మార్చి నెలలో పరిగెత్తితే చిల్లరే దొరుకుతుంది, బడ్జెట్ వేసుకునేటప్పుడే ప్లాను, ఎస్టిమేటు ఇచ్చి ఉండాలి. పొగాకు, గుట్కా వ్యాపారుల డబ్బు తీసుకోకూడదని ట్రస్టు తీర్మానం ముందే రాసుకోండి. నోటి క్యాన్సర్ రోగి పడుకునే గది మీద ఆ పేరు ఉండకూడదు.

అమెరికా బంధువుల డబ్బు

తెలుగు సంస్థలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా, అది విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాకే రావాలి. అందుకని విదేశం నుంచి వచ్చే ప్రతి విరాళానికీ ముందుగా పాస్‌పోర్టు కాపీ తీసుకోండి. ఇక్కడి అన్నయ్య ఖాతాలో వేయించి ఆయన పేరున రసీదు రాయడం చట్టాన్ని తప్పించడమే. ఒక్క విరాళం కోసం సంస్థ మొత్తాన్నీ పణంగా పెట్టకండి.

రసీదులు, ఖాతా

భవన నిధికి విడిగా బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ట్రస్టు పేరే కనబడాలి, కార్యదర్శి పేరు కాదు. యూపీఐలో వచ్చిన డబ్బుకు పేరు, చిరునామా, పాన్ ఉండవు. స్క్రీన్‌షాట్ చాలదు, చిన్న ఫారం నింపించండి. ఎవరిచ్చారో తెలియని విరాళాలు ఒక పరిమితి దాటితే వాటి మీద 30 శాతం పన్ను పడుతుంది, హుండీ డబ్బాలకూ ఇదే వర్తిస్తుంది. రెండువేలకు మించిన నగదుకు దాతకు మినహాయింపు రాదు. ఒక మనిషి నుంచి ఒకే రోజు రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే సంస్థకు అంతే మొత్తం జరిమానా.

పెద్ద విరాళంతో పాటు "ఈ మొత్తం భవన నిధికే" అని దాత రాసిన ఉత్తరం తీసుకోండి. వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడే ఖర్చు చేయాలన్న నియమం ఉంది. కట్టడం రెండు మూడేళ్ళు సాగుతుంది కాబట్టి, కార్పస్‌గా (మూలనిధిగా) చూపాలా, ఫలానా పనికని కూడబెడుతున్నట్టు దాఖలు చేయాలా అన్నది ఆ ఏడాది ముగిసేలోపే ఆడిటరుతో తేల్చుకోవాలి.

పేరు ఫలకం ఎంత ఉంటుంది, ఎన్నాళ్ళుంటుంది, విడత ఆగితే ఏమవుతుంది, ఇవి కూడా కాగితం మీద ఉండాలి. జుట్టు రాలిపోయిన పిల్లల ఫొటోలతో కరపత్రం వేయకండి. ఎవరి ఫొటో వాడినా వాళ్ళకు చదివే భాషలో రాసిన అంగీకారం ఉండాలి, ఫొటో వద్దన్నా గది ఇస్తారని అందులో స్పష్టంగా రాసి ఉండాలి.

సామాను రూపంలో ఇస్తామంటే

సామాను విరాళానికి 80జీ వర్తించదని ముందే చెప్పేయండి. సిమెంటు బస్తాలు మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది, వానాకాలంలో ఇంకా త్వరగా గడ్డకడుతుంది. అందుకే దాతను డీలరు దగ్గరే మీ పేరున జమ కట్టమని అడిగి, కావాల్సినప్పుడు తెప్పించుకోండి. మిగిలిపోయిన టైల్స్, వాడిన మంచాలు తీసుకుంటే దించడానికీ దాచడానికీ అయ్యే ఖర్చు మీదే.

హామీలన్నీ రావు. స్లాబుల వరకు సరిపడా డబ్బు ఖాతాలో పడ్డాకే తవ్వకం మొదలుపెట్టండి. మధ్యలో ఆగిన పిల్లర్ల ఊచలు తుప్పు పడతాయి, దాతలు కూడా ఆ పిల్లర్లనే చూసి వెనక్కి తగ్గుతారు. కాంట్రాక్టరుకు అడ్వాన్సు పది శాతం దాటనివ్వకండి. ప్రతి బిల్లులో అయిదు శాతం పట్టి ఉంచి, ఇల్లు చేతికొచ్చాక ఒక వానాకాలం గడిచి, మిద్దె మీద, బాత్రూముల కింద చెమ్మ లేదని ఇంజనీరు రాసిచ్చాక ఇవ్వండి.