వాడని మోరీ పైపు నోరు సరిగ్గా మూసేయడం ఎలా

వాషింగ్ మెషిన్ లోపలికి మార్చాకో, బయటి బాత్రూం తీసేశాకో గోడ పక్కన ఒక పైపు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. చాలామంది దాంట్లో పాత గుడ్డ కుక్కి, మీద ఇటుక పెట్టి వదిలేస్తారు. దయచేసి అలా చేయకండి. కంపుతో పాటు బొద్దింకలు, దోమలు, ఎలుకలు అన్నీ అదే దారిన వస్తాయి, పైగా ఆ గుడ్డ నానీ నానీ లోపలికి జారితే మెయిన్ లైనుకే అడ్డం పడుతుంది.

ముందు అది నిజంగా వాడని పైపేనా అన్నది తేల్చుకోండి. పై పోర్షన్ వాళ్లను బాత్రూంలో, సింకులో, తర్వాత డాబా మీద ఒక్కో బకెట్ నీళ్లు పోయమని చెప్పి మీరు కింద నిలబడి చూడండి. లోపలెక్కడో నీళ్లు పారే చప్పుడు వినిపిస్తే ఫరవాలేదు, అది మెయిన్ లైను. ఆ నోట్లోంచే నీళ్లు బయటికొచ్చినా, దాంట్లోకి ఇంకే పైపైనా నీళ్లు వదులుతున్నా మూయొద్దు. డాబా పైదాకా వెళ్లి టోపీ పెట్టి ఉండే పైపును అసలు ముట్టుకోకండి. అది గాలి కోసం పెట్టింది. దాన్ని మూస్తే ఫ్లష్ కొట్టినప్పుడల్లా నహానీ ట్రాపుల్లో, అంటే బాత్రూం జాలీ కింద కంపు రాకుండా నిలిచే నీళ్లు లాగేసుకుపోయి కంపంతా ఇంట్లోకే వస్తుంది.

పీవీసీ పైపైతే ఎండ్ క్యాప్ (పైపు మూత), సాల్వెంట్ సిమెంట్ (పీవీసీ పైపులు అతికించే జిగురు) చాలు. షాపులో నాలుగించుల పైపు అనేది 110 మిల్లీమీటర్లది, అయినా కొలత తీసుకునే వెళ్లండి. అంచు పగిలి ఉంటే కోయాల్సిందే: పైపు చుట్టూ ఒక కాగితం చుట్టి, దాని అంచులు రెండూ కలిసేలా సర్ది, ఆ కాగితం అంచు వెంట గీత గీసి, దాని మీదే హ్యాక్సా బ్లేడుతో కోస్తే వంకర పోదు. అంచున లేచిన పొట్టు గీకేసి, ఎమరీ పేపర్‌తో రుద్ది, పొడి గుడ్డతో బాగా తుడవండి. తడి ఉంటే అతుకు నిలవదు, కాబట్టి వాన లేని రోజు చూసుకోండి. పైపు బయట, క్యాప్ లోపల రెండింటికీ సాల్వెంట్ పూసి, పావు చుట్టు తిప్పుతూ లోపలికి నొక్కి అర నిమిషం పట్టుకోండి, లేకపోతే క్యాప్ వెనక్కి వచ్చేస్తుంది. సాల్వెంటూ మోరీ గ్యాసూ రెండూ అంటుకునేవే, దగ్గర్లో సిగరెట్, అగ్గిపుల్ల వద్దు.

రేపు కిరాయికొచ్చేవాళ్లు మెషిన్ మళ్లీ అక్కడే పెడతామంటే? అందుకే నా మాటైతే అతికించే క్యాప్ కన్నా మర మూత ఉన్న ఫిట్టింగ్ మేలు, లైను జామ్ అయినప్పుడు అక్కణ్నుంచే కడ్డీ పెట్టి తీయొచ్చు కూడా.

పాత ఇళ్లలో ఇనుప పైపో, మట్టి గొట్టమో ఉంటే సాల్వెంట్ పట్టదు. నట్టు బిగిస్తే ఉబ్బి పట్టుకునే రబ్బరు ప్లగ్ పెట్టించండి. సిమెంట్ మాల్ పోసి పూడ్చడం మాత్రం వద్దు, జారి లోపల గడ్డకట్టిందంటే తవ్వడం తప్ప దారి లేదు.

పల్లపు కాలనీల వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పెద్ద వానకి రోడ్డు మీద మ్యాన్‌హోల్ నిండితే నీళ్లు వెనక్కి తంతాయి, ఈ నోరు మూసేశారు కాబట్టి తర్వాత పల్లంగా ఉన్న బాత్రూం ట్రాప్‌లోంచి పైకొస్తాయి. అలాంటి చోట ఛాంబర్ దగ్గర నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లు వెనక్కి రానివ్వని వాల్వ్) పెట్టించాకే మూయండి. రోడ్డు లైనే జామ్ అయితే, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు జలమండలి 155313కి ఫోన్ చేయండి. ఎవర్నో పిలిచి మ్యాన్‌హోల్‌లోకి దింపకండి, ఆ గ్యాస్‌కి మనిషి ప్రాణం పోతుంది. రక్షణ పరికరాలు లేకుండా దింపడం 2013 నాటి మ్యాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా.