టెన్షన్‌ను తట్టుకోవడం: ట్యాపింగ్‌తో ఏమవుతుంది, ఏమవదు

ట్యాపింగ్‌లో చేతులు చేసే పని పది నిమిషాల్లో వచ్చేస్తుంది. చూపుడువేలు, మధ్యవేలు కలిపి ముఖం మీద, కాలర్ బోన్ దగ్గర, చంక కింద కొన్ని చోట్ల మెల్లగా తట్టుకోవడమే. చాలామందికి పనిచేయకపోవడానికి కారణం వేళ్లు కాదు, మాటలు. 'నాకు స్ట్రెస్‌గా ఉంది' అనుకుంటూ గంటసేపు తట్టుకున్నా ఆ స్ట్రెస్ కదలదు. దేని గురించి, ఒంట్లో ఎక్కడ, ఎంత అన్నది పట్టుకుంటే సగం పని అయినట్టే.

దీని అసలు పేరు ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్, పొట్టిగా ఈఎఫ్‌టీ. 1980 ప్రాంతంలో రోజర్ కాలహన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక్కో సమస్యకు ఒక్కో వరసలో బిందువులు తట్టే పద్ధతి మొదలుపెట్టాడు. స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదివిన గ్యారీ క్రెయిగ్ 1990లలో దాన్ని తేలిక చేశాడు. ఏ సమస్యకు ఏ వరసో వెతుక్కోవడం దేనికి, అన్నిటికీ అన్ని చోట్లా తట్టేస్తే పోలేదా అన్నాడు. ఇంజనీరు బుర్ర! బిందువులు చైనా ఆక్యుపంక్చర్ నుంచి వచ్చినవి. ఇవే మన ఆయుర్వేదంలోని మర్మస్థానాలని చెప్పే వీడియోలు కనిపిస్తాయి కానీ ఆ శాస్త్రం వేరు.

ముందు మార్కులు వేయండి

కూర్చుని, ఇబ్బంది పెడుతున్న విషయాన్ని ఒక్కసారి తలుచుకోండి. ఇప్పుడు, ఈ నిమిషంలో అది ఎంత బాధ పెడుతోంది? ఏమీ లేకపోతే 0, భరించలేనంత ఉంటే 10. ఆ అంకెను కాగితం మీద రాయండి. మనసులో అనుకుంటే చాలదు. రెండు రౌండ్లు (అన్ని చోట్లా ఒకసారి తట్టుకొస్తే ఒక రౌండు) అయ్యాక మనసు 'మొదట్లో కూడా ఇంతేగా' అంటుంది. కాగితం అలా మాట మార్చదు.

మాటలు

అమెరికా పద్ధతిలో మొదటి వాక్యం ఇలా ఉంటుంది: నాకు ఫలానా సమస్య ఉన్నప్పటికీ, నన్ను నేను సంపూర్ణంగా అంగీకరిస్తున్నాను. తెలుగులో ఇది బడిలో ప్రతిజ్ఞ చదివినట్టుంటుంది. నోటికి పట్టని వాక్యం మనసుకూ పట్టదు. మీరు ఇంట్లో మాట్లాడే మాటే వాడండి. ఉర్దూ కలిసినా, ఇంగ్లీషు కలిసినా ఫర్వాలేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రేపు పదింటికి ఆఫీసులో రివ్యూ. రాత్రి అన్నం సహించలేదు, పొట్టలో పిండేస్తోంది. అంకె 7. చిటికెన వేలి కింద ఉండే అరచేతి అంచును రెండో చేతి వేళ్లతో తడుతూ మూడుసార్లు అనండి: 'రేపటి రివ్యూ తలుచుకుంటే పొట్టలో పిండేస్తున్నా సరే, నా మీద నాకు కోపం లేదు.' రెండో సగం అబద్ధమనిపిస్తే 'ఇప్పటికి ఇలా ఉంటే ఉండనీ' అనండి. 'నేను చాలా ధైర్యవంతుణ్ని' అని మాత్రం మొదలుపెట్టవద్దు. లోపల ఏడు మార్కుల భయం పెట్టుకుని ఆ మాటంటే లోపలివాడు వెంటనే ఎదురు తిరుగుతాడు. మంచి మాటలు చివర్లో, అంకె 2కో 3కో దిగాక.

ఎక్కడ తట్టాలి

ఒక్కో చోట అయిదు నుంచి ఏడు సార్లు. లెక్క అటూ ఇటూ అయినా ఏమీ కాదు. కుడి ఎడమలు ఏవైనా ఒకటే. బల్ల మీద వేళ్లతో తాళం వేసే ఒత్తిడి చాలు. చర్మం ఎర్రబడుతోందంటే ఎక్కువ కొడుతున్నట్టే. కళ్లజోడు తీసి పక్కన పెట్టండి.

కొందరు మాడు మీద మొదలుపెడతారు, కొందరు అక్కడ ముగిస్తారు. పసిపిల్లలకు నూనె అద్దే చోటే అది. తర్వాత కనుబొమ, ముక్కు వైపు మొదలయ్యే చోట. బొట్టు పెట్టుకునే చోటు కాదు, దానికి కాస్త పక్కన. అక్కణ్నుంచి కంటి బయటి మూల పక్కన ఎముక మీదికి. ఇక్కడ చాలామంది కణత దాకా జరిగిపోతారు, అంత దూరం అక్కర్లేదు. ఆ తర్వాత కంటి కింద, నల్లగుడ్డుకు సూటిగా అంగుళం కింద, ఎముక మీదే. ముక్కుకూ పై పెదవికీ మధ్య ఒకటి, కింది పెదవికీ గడ్డానికీ మధ్య ఉండే గుంటలో ఒకటి.

కాలర్ బోన్ బిందువే ఎక్కువమందికి దొరకదు. టై ముడి వచ్చే చోట గొంతు గుంట తగులుతుంది కదా, దాని నుంచి అంగుళం కిందికి, అంగుళం పక్కకి జరగండి. కచ్చితంగా దొరకలేదనిపిస్తే నాలుగు వేళ్లూ చాపి ఆ ప్రాంతమంతా తట్టేయండి. చివరిది చంక కింద నాలుగంగుళాల దూరంలో, పక్కటెముకల మీద. ఆడవాళ్లకు బ్రా పట్టీ పక్కన వచ్చే చోటు.

ప్రతి చోటా ఒక చిన్న మాట అనుకోండి. పైన చెప్పిన ఉదాహరణకైతే: 'పొట్టలో పిండేస్తోంది', 'రేపు పదింటికి', 'ఇంకా స్లైడ్లు కాలేదు', మళ్లీ 'ఈ పిండేయడం'. ఒక రౌండుకు నిమిషం, నిమిషంన్నర పడుతుంది. అయ్యాక లోపలికి గాలి పీల్చి వదిలి, రెండు గుక్కల నీళ్లు తాగి, మళ్లీ అంకె చూసుకోండి. పాత పద్ధతిలో చేతి వెనక ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్య తడుతూ కళ్లు తిప్పడం, పాట కూనిరాగం తీయడం, అంకెలు లెక్కపెట్టడం ఉండేవి. ఇప్పుడు చాలామంది వదిలేశారు, మీరూ వదిలేయవచ్చు.

మధ్యలో ఏం జరుగుతుంది

ఆవలింతలు వస్తాయి. నిట్టూర్పు, త్రేన్పు, కళ్లలో నీళ్లు, ఒళ్లు బరువెక్కి నిద్ర ముంచుకురావడం, ఇవన్నీ మామూలే. ఏదీ రాకపోయినా తప్పు చేస్తున్నట్టు కాదు.

మొదటి రౌండులో అంకె పెరగవచ్చు. పొద్దున్నుంచి తప్పించుకు తిరుగుతున్న విషయం ముందు కూర్చున్నారు కాబట్టి 7 కాస్తా 8 అవుతుంది. ఇక్కడ ఆపేసేవాళ్లే ఎక్కువ. ఇంకో రెండు రౌండ్లు చేయండి.

ఇంకో చిక్కుంది. పొట్ట సర్దుకుంటుంది, అంకె 4కు దిగుతుంది, అంతలో కిందటి నెల అందరి ముందు 'ఇదేం రిపోర్టు' అన్న మాట గుర్తొచ్చి ముఖం వేడెక్కుతుంది. ట్యాపింగ్ పనిచేయలేదనుకుంటారు. నిజానికి పొట్ట సంగతి తేలింది, దాని కింద ఉన్నది పైకొచ్చింది. దానికి వేరే అంకె, వేరే వాక్యం కావాలి: 'అందరి ముందు ఆ మాట అన్నందుకు ముఖం మండిపోతున్నా సరే...' రెంటినీ కలిపి ఒకే వాక్యంలో కుక్కితే రెండూ సగంలో ఆగుతాయి.

మూడు రౌండ్లయినా అంకె కదలకపోతే వాక్యం మార్చండి, బిందువులు కాదు. చాలాసార్లు విషయం మరీ పెద్దదైపోయి ఉంటుంది. 'నా ఉద్యోగం' అన్నదాన్ని 'రేపు ఆ మూడో స్లైడు' దాకా తగ్గించండి. ఒకసారి కూర్చుంటే పది పదిహేను నిమిషాలు చాలు. అంకె సున్నాకే రావాలనేం లేదు. రేపు పరీక్షో ఇంటర్వ్యూనో ఉన్నవాళ్లకు 2, 3 మార్కుల బెరుకు మంచిదే.

నిజంగా పనిచేస్తుందా?

2012లో అచ్చయిన ఒక అధ్యయనంలో 83 మందిని మూడు జట్లు చేశారు. గంటసేపు ట్యాపింగ్ చేసిన జట్టులో ఒత్తిడి హార్మోన్ కార్టిసోల్ సుమారు 24 శాతం తగ్గింది. మాటల కౌన్సెలింగ్ జట్టులోనూ, ఊరికే కూర్చున్న జట్టులోనూ 14 శాతం. ఆ అధ్యయనాన్ని నడిపినవారు ట్యాపింగ్‌ను ప్రచారం చేసేవారే అన్నది గుర్తుంచుకోవాలి. 2003లో 119 మంది విద్యార్థులతో ఇంకో ప్రయోగం జరిగింది. కొందరు అసలు బిందువులు తట్టుకున్నారు, కొందరు చేతి మీద ఏవో చోట్ల, కొందరు ఏకంగా ఒక బొమ్మను తట్టారు. మూడు జట్లలోనూ భయం తగ్గింది, ఏమీ చేయని జట్టులో తగ్గలేదు. కాబట్టి ఈ బిందువులు తడితే ఒంట్లో శక్తి నాడులు తెరుచుకుంటాయని ట్యాపింగ్ నేర్పేవాళ్లు చెప్పే వివరణను మేం నమ్మం. భయపెట్టే విషయాన్ని పేరు పెట్టి పిలుస్తూ, ఒంటిని ఒక లయలో నెమ్మదిగా ఉంచడమే పనిచేస్తోందని మా లెక్క. వేళ్లు అరంగుళం అటు పడ్డాయని కంగారు పడనక్కర్లేదన్నది అందుకే.

ఎవరు ఒంటరిగా చేయకూడదు

దాడి, ప్రమాదం, చిన్నప్పటి వేధింపు లాంటి జ్ఞాపకాలను ఇంట్లో ఒక్కరే కూర్చుని తవ్వవద్దు. తట్టుకోలేనంతగా ముంచుకొస్తాయి. ట్యాపింగ్ తెలిసిన క్లినికల్ సైకాలజిస్టు పక్కన ఉండాలి. మన దేశంలో వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది, నెంబరు అడిగితే తప్పేం లేదు. కొద్దిరోజుల కోర్సుతో వచ్చే ప్రాక్టీషనర్ సర్టిఫికెట్ దానికి సమానం కాదు. బీపీ మాత్ర, నిద్ర మాత్ర ఆపేయమన్నవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లవద్దు. ఎవరు చేయించినా తట్టుకునేది మీ వేళ్లతోనే, వీడియో కాల్‌లో కూడా సాగుతుంది.

ఛాతీలో నొప్పి, ఎడమ చేయి లాగడం, చెమటలు పడితే తడుతూ కూర్చోకూడదు, ఆసుపత్రికి వెళ్లాలి. కంటి ఆపరేషన్ అయినవాళ్లు కంటి చుట్టూ ఉన్న బిందువులు వదిలేయాలి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా ప్రభుత్వ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

నలుగురిలో ఉన్నప్పుడు

రివ్యూ గదిలో కూర్చుని ముఖం తట్టుకోలేం కదా. బల్ల కింద ఒక చేతి అంచును రెండో చేతి వేళ్లతో మెల్లగా తడుతూ, రాత్రి అనుకున్న చిన్న మాటనే మనసులో అనుకోండి. లేదా చొక్కా కాలరు సర్దుకుంటున్నట్టు చేయి ఎత్తి, కాలర్ బోన్ కింద వేళ్లు ఆనించి మూడు నెమ్మది శ్వాసలు తీసుకోండి. ఎదురుగా ఉన్నవాళ్లు స్లైడు చూస్తుంటారు, మీ వేళ్లను కాదు.