కణత్వచం పాఠాలు – 5: ఆగిపోయిన ఫ్రాప్ గీత

పోయిన పాఠం అభ్యాసంలో ఒక ఫ్రాప్ గ్రాఫ్ ఇచ్చి, పొరలో కదిలే ప్రొటీన్లు ఎంత శాతమో, సగం సమయం ఎంతో అడిగాను. వచ్చిన జవాబులు చాలావరకు ఒకే చోట తడబడ్డాయి. కాబట్టి పక్కపక్క కణాలను బిగించి ఉంచే టైట్ జంక్షన్ల సంగతి వచ్చే పాఠానికి వాయిదా. ముందు ఈ చిక్కు విప్పాలి.

ఫ్రాప్ ప్రయోగం ఎలా చేస్తారో వివరంగా మళ్లీ చెప్పను. ఒక్క మాటలో: వెలిగే రంగు తగిలించిన పొర ప్రొటీన్లను ఒక చిన్న మచ్చలో లేజర్‌తో ఆర్పేసి, చుట్టుపక్కల నుంచి వెలిగే ప్రొటీన్లు అందులోకి వచ్చేకొద్దీ వెలుగు ఎంత తిరిగొస్తుందో చూస్తారు. గ్రాఫ్ చూద్దాం. లేజర్ కొట్టకముందు మచ్చలో వెలుగు 100, కొట్టగానే 20. తర్వాత గీత మెల్లగా పైకెక్కి 68 దగ్గర నిలిచిపోయింది. "68 శాతం ప్రొటీన్లు కదులుతున్నాయి" అని రాశారు. కాదు. ఆ 20 ఎక్కడికీ పోలేదు, తిరిగి రావడమన్న మాటే లేదు. పోయింది 80, వచ్చింది 48. అంటే కదిలేవి 60 శాతం.

దీనికన్నా నన్ను బాధపెట్టే పొరపాటు ఇంకోటుంది. సగం సమయం, అంటే తిరిగొచ్చే వెలుగులో సగం రావడానికి పట్టే సమయం అడిగితే, వెలుగు 50కి చేరిన క్షణం చూసి రాసేస్తున్నారు. 50కి ఇక్కడ ఏ ప్రత్యేకతా లేదు. ఎక్కింది 48, అందులో సగం 24. కింది 20కి అది కలిపితే 44. గీత 44ను తాకిన క్షణమే సగం సమయం. నేనైతే సమయం వైపు చూడకముందే స్కేలు పెట్టి, ఆర్పిన మట్టం దగ్గర ఒకటి, నిలిచిన మట్టం దగ్గర ఒకటి అడ్డగీతలు గీస్తాను. ఆ రెండింటి నడిమధ్యే చూస్తాను. మీరూ అలాగే చేయండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. రెండు కణాలు తీసుకోండి. మొదటిదాంట్లో గీత 20 నుంచి 84కి, రెండోదాంట్లో 20 నుంచి 52కి ఎక్కింది. రెండింటికీ సగం సమయం 12 సెకన్లే. మొదటిది 12 సెకన్లకే 52 దగ్గర ఉంటుంది. రెండోది 50కి చేరేసరికి దాదాపు ఆగిపోయే దశ వస్తుంది. 50ని పట్టుకుంటే రెండో కణంలో ప్రొటీన్లు నత్తనడక నడుస్తున్నాయని రాస్తారు. నిజానికి కదిలేవాటి వేగం రెండుచోట్లా ఒక్కటే. తేడా ఎన్ని కదులుతున్నాయన్నదాంట్లోనే: ఒకచోట 80 శాతం, ఇంకోచోట 40.

మరి కదలనివాటిని ఆపేదేమిటి? మన ఎర్ర రక్తకణం పొరలో బ్యాండ్ 3 అనే ప్రొటీన్ సుమారు పది లక్షలు ఉంటుంది. అందులో కొంత, యాంకిరిన్ అనే జోడింపు ప్రొటీన్ ద్వారా పొర కింద స్పెక్ట్రిన్ అనే ప్రొటీన్ అల్లిన వలకు కట్టుబడి ఉంటుంది. స్పెక్ట్రిన్ లోపించిన ఎలుకల గుండ్రటి ఎర్రకణాల్లో పొర ప్రొటీన్లు మామూలుకన్నా చాలా వేగంగా కదిలాయని 1980లోనే చూపించారు. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే శాస్త్రవేత్తలు మనిషి కణాన్నీ ఎలుక కణాన్నీ కలిపినప్పుడు 37 డిగ్రీల దగ్గర 40 నిమిషాల్లో ప్రొటీన్లు కలిసిపోయిన మాట నిజమే. దాన్నిబట్టి ప్రతి కణంలో ప్రతి ప్రొటీనూ స్వేచ్ఛగా తిరుగుతుందని రాయకండి.

అభ్యాసం. కణం పెద్దది, మచ్చ ఆర్పినా మొత్తం వెలుగు పెద్దగా తగ్గలేదు. మచ్చ వ్యాసార్ధం 1 మైక్రాన్ ఉన్నప్పుడు వెలుగు లేజర్ కొట్టకముందు, కొట్టగానే, గీత నిలిచాక వరసగా 100, 10, 82. అదే ప్రొటీన్‌కు వ్యాసార్ధం 2 మైక్రాన్లు చేస్తే 100, 10, 55. రెండుసార్లూ గీత పూర్తిగా నిలిచేదాకా ఆగారు. కదిలే శాతాలు లెక్కకట్టండి. ప్రొటీన్లు కేవలం వలకు కట్టుబడి ఉంటే మచ్చ పెంచినంత మాత్రాన ఆ శాతం మారాలా? మారింది కదా, పొరలో ఎలాంటి ఏర్పాటు ఉంటే ఇలా జరుగుతుందో బొమ్మ గీయండి. ఆ బొమ్మ ప్రకారం అర మైక్రాన్ మచ్చకు శాతం పెరుగుతుందో తగ్గుతుందో కారణంతో రాయండి.