బోరు కంట్రోలరు మొరాయిస్తే చిప్పు మార్చాలా?

అనంతపురం వైపు చీనీ తోటల్లో బోరు మోటారుకూ డ్రిప్ వాల్వులకూ సొంతంగా కంట్రోలరు కట్టుకునేవాళ్లు ఎక్కువగా ఆర్డుయినో ఊనో ఆర్3 అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో మొదలుపెడతారు. ఇబ్బంది వస్తే, వైఫై ఉన్న 32 బిట్ల చిప్పు ఈఎస్‌పీ32కి మారిపోతారు. మారేముందు తప్పు ఎక్కడుందో చూడండి. చాలాసార్లు అది చిప్పులో ఉండదు.

సమస్య: స్టార్టరు పడ్డప్పుడో, వదిలినప్పుడో బోర్డు రీసెట్ అవుతోంది.
కారణం: స్టార్టరులోని కాంటాక్టరు (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) కాయిల్‌కు కరెంటు తెగిన క్షణంలో పుట్టే వోల్టేజి పోటు. ఏ చిప్పు పెట్టినా ఇదే గతి.
పరిష్కారం: మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి, టెస్టరుతో చూసుకున్నాక, కాయిల్ రెండు కొసల మధ్య స్నబ్బర్ (పోటును పీల్చుకునే జత) కట్టండి: 100 ఓమ్‌ల 1 వాట్ రెసిస్టరు, దానితో సిరీస్‌లో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు. మన స్టార్టర్లలో చాలావాటికి కాయిల్ 415 వోల్టులది. దానికి 275 వోల్టుల ఎక్స్2 కెపాసిటరు పనికిరాదు, 440 వోల్టుల ఏసీ లేదా అంతకంటే ఎక్కువ రేటింగ్ ఉన్నదే వాడండి. సెన్సారు వైర్లను మోటారు వైర్లతో కలిపి కట్టొద్దు.

సమస్య: 30 నిమిషాలు పెడితే మోటారు అర నిమిషంలో ఆగుతోంది. 40 పెడితే అసలు ఆగడమే లేదు.
కారణం: ఊనోలోని ఏవీఆర్ 8 బిట్ల చిప్పు, అందులో ఇంట్ అనే పూర్ణసంఖ్య రకం 16 బిట్లే, గరిష్ఠం 32,767. 30 నిమిషాలను మిల్లీసెకన్లలోకి మార్చే 30×60×1000 అంటే 18 లక్షలు. అది పొంగిపోయి సాధారణంగా 30,528 మిల్లీసెకన్లే మిగులుతుంది. 40కి మైనస్ సంఖ్య వస్తుంది. దాన్ని అన్‌సైన్డ్ లాంగ్ (మైనస్ పట్టని 32 బిట్ల రకం)లో వేస్తే 49 రోజులు దాటుతుంది. బోరులో అన్నాళ్లు నీళ్లుండవు, మోటారు డ్రైగా తిరిగి కాలిపోతుంది.
పరిష్కారం: మొదటి సంఖ్య పక్కన యూ, ఎల్ అక్షరాలు చేర్చండి (30UL×60×1000). ఇదే కోడ్ 32 బిట్ల చిప్పులో సరిగ్గా నడుస్తుంది కాబట్టి తప్పు ఊనోదే అనిపిస్తుంది. రెండక్షరాల పనికి బోర్డు కొనక్కర్లేదు.

సమస్య: ఈఎస్‌పీ32లో వైఫై ఆన్ కాగానే తేమ రీడింగులు పోతున్నాయి.
కారణం, పరిష్కారం: వైఫై నడిచేటప్పుడు ఏడీసీ2 (సెన్సారు వోల్టేజిని అంకెగా మార్చే రెండో భాగం) పిన్నులు అందుబాటులో ఉండవు. సెన్సారును 32 నుంచి 39 మధ్య ఉన్న ఏడీసీ1 పిన్నుకు మార్చండి.

సమస్య: డీప్ స్లీప్ పెట్టినా బ్యాటరీ నెల కూడా రావడం లేదు.
కారణం: నిద్రలో ఈఎస్‌పీ32 చిప్పు తాగేది 10 మైక్రో ఆంప్స్ వరకే. డెవలప్‌మెంట్ బోర్డు మీది ఏఎంఎస్1117 రెగ్యులేటరు ఒక్కటే సుమారు 5 మిల్లీ ఆంప్స్ తాగుతుంది. రోజుకు 120 ఎంఏహెచ్. 2600 ఎంఏహెచ్ సెల్ మూడు వారాలకు ఖాళీ.
పరిష్కారం: ఉత్త మాడ్యూల్ తీసుకుని, తక్కువ కరెంటు తాగే హెచ్‌టీ7833 లాంటి రెగ్యులేటరు పెట్టండి. వైఫై పంపే క్షణంలో కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి మాడ్యూల్ పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటరు కావాలి. ఎండలో పెట్టే పెట్టె అయితే 105 డిగ్రీలదే తీసుకోండి.

సమస్య: మోటారు వైబ్రేషన్ మీద, ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో లెక్కించే ఎఫ్ఎఫ్‌టీ పెడితే బోర్డు హ్యాంగ్ అవుతోంది.
కారణం: 256 శాంపిళ్లకు ఫ్లోట్ (4 బైట్ల దశాంశ సంఖ్య)లో రియల్, ఇమాజినరీ కలిపి 2048 బైట్లు. ఊనోలో ఉన్న ర్యామ్ మొత్తం అంతే.
పరిష్కారం: ఇక్కడ మాత్రం చిప్పు మార్చాల్సిందే. ఎఫ్‌పీయూ (దశాంశ లెక్కలు చేసే హార్డ్‌వేర్) ఉన్న కార్టెక్స్-ఎం4 చిప్పు, ఉదాహరణకు 128 కేబీ ర్యామ్ ఉన్న ఎస్‌టీఎం32ఎఫ్411. ఎఫ్103లో ఎఫ్‌పీయూ లేదు, చవక కదా అని దాన్ని తేవద్దు. ఎం4 ఎఫ్‌పీయూ సింగిల్ ప్రెసిషన్‌కే పనిచేస్తుంది. కోడ్‌లో 3.14 పక్కన ఎఫ్ పెట్టకపోతే లెక్క డబుల్ ప్రెసిషన్‌లోకి వెళ్లి, ఎఫ్‌పీయూ ఉన్నా సాఫ్ట్‌వేర్‌లోనే నెమ్మదిగా నడుస్తుంది.